మైకలాంజెలో పతకం: ‘అసలుది ఏది’ అన్న ప్రశ్న ఎలా పుట్టింది

శిల్పుల ముఖాలున్న చిన్న పతకాలను సేకరించేవారిని ఒక ప్రశ్న ఎప్పుడూ వెంటాడుతుంది. చేతిలో ఉన్నది ఆ శిల్పి కాలంలోనే పోత పోసినదా, లేక దాని మీద నుంచి తరువాత ఎవరో తీసిన నకలా? 1561లో ఇటలీ శిల్పి లియోనే లియోని చేసిన మైకలాంజెలో పతకం దగ్గర ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. దాని ప్రతులు ఎన్నో మ్యూజియాల్లోనూ వేలంశాలల్లోనూ కనిపిస్తాయి గాని, వాటిలో లియోని నాటివి కొన్నే. ఈ గందరగోళాన్ని మోసగాళ్ల ఖాతాలో వేయడం తేలిక. కానీ అసలు కారణం ఆ కళ పుట్టిన తీరులోనే ఉంది.

ముఖచిత్ర పతకానికి ఆద్యుడిగా ఇటలీ చిత్రకారుడు పిసానెల్లోను చెబుతారు. 1438 ప్రాంతంలో ఆయన బైజాంటైన్ చక్రవర్తి ఎనిమిదవ జాన్ ముఖంతో పతకం చేశాడు. నాణెంలా ఇది టంకశాలలో అచ్చుగుద్దినది కాదు, మారకానికి ఉద్దేశించినదీ కాదు. మైనంతో నమూనా చేసి, దానితో మూస కట్టి, కరిగిన లోహం పోసి, వచ్చిన ప్రతులను ఆప్తులకూ ప్రభువులకూ కానుకగా పంపేవారు. మొదట్లో ఆ గౌరవం ఎక్కువగా పాలకులదీ సేనానులదే అయినా, రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చికి 1445లో కంచు తలుపులు పూర్తిచేసిన ఫిలారెతే తన ముఖంతో తానే ఒక పతకం చేసుకున్నాడు. శిల్పి కూడా స్మరించదగినవాడేనన్న ఆ ధీమా నాకు ఎంతో ఇష్టం.

మైకలాంజెలో పతకం వెనుక ఒక మేలు ఉంది. మిలాన్ కెథెడ్రల్‌లో పోప్ నాలుగవ పియస్ తన సోదరుడికి కట్టించిన స్మారకం పని లియోనికి దక్కడంలో మైకలాంజెలో మాటసాయం ఉంది. 1561 మార్చిలో లియోని మిలాన్ నుంచి ఆయనకు నాలుగు ప్రతులు పంపాడు: రెండు వెండివి, రెండు కంచువి. బొమ్మ వైపు వృద్ధ శిల్పి ముఖం పక్క నుంచి కనిపిస్తుంది. చుట్టూ ఉన్న అక్షరాల్లో వయసు 88 అని ఉంది, నిజానికి అప్పటికి ఆయనకు 86 నిండి కొద్ది రోజులే. బొరుసు వైపు కర్ర పట్టుకున్న ఒక అంధుడు, అతన్ని నడిపించే కుక్క, చుట్టూ ‘దోషులకు నీ మార్గాలు బోధిస్తాను’ అన్న అర్థం వచ్చే కీర్తన వాక్యం. మైకలాంజెలోను సంతోషపెట్టడానికే ఆ బొరుసు అలా వేశారని ఆయన సమకాలికుడు వసారి రాశాడు. అంత కీర్తి ఉన్న మనిషి వెనకవైపు విజయ చిహ్నాలకు బదులు ఒక బాటసారి ఉండటం ఈ పతకాన్ని మిగతా వాటి నుంచి వేరుచేస్తుంది.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మూస ఉన్నంతవరకు ఎన్ని ప్రతులైనా పోయవచ్చు. ఎన్ని పోశారన్న లెక్క ఉండదు. మూస లేకపోయినా, దొరికిన పతకాన్నే మెత్తని బంకమట్టిలో ఒత్తితే కొత్త మూస తయారవుతుంది. అయితే కంచు చల్లారేటప్పుడు నూటికి ఒకటి రెండు వంతులు కుంచించుకుపోతుంది కాబట్టి, దాదాపు 6 సెంటీమీటర్ల వెడల్పున్న పతకం నుంచి తీసిన నకలు సుమారు ఒక మిల్లీమీటరు చిన్నదవుతుంది. నకలుకు నకలు తీస్తే ఇంకా తగ్గుతుంది. గడ్డపు పాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అక్షరాల అంచులు మొద్దుబారుతాయి.

సేకరణ అభిరుచి పెరిగేకొద్దీ ఈ నకళ్లూ పెరిగాయి. 19వ శతాబ్ది తొలినాళ్లలో జర్మన్ కవి గోథే వైమార్‌లో ఇటలీ పతకాలను పెద్దయెత్తున కూడబెట్టాడు. ఆ శతాబ్దం మధ్యకల్లా విద్యుత్తుతో రాగిని పేర్చే పద్ధతి వచ్చి, మ్యూజియాలే అధ్యయనం కోసం నకళ్లు చేయించాయి. వాటిని నకళ్లుగానే ఇచ్చినంతకాలం అందులో తప్పేమీ లేదు. చేతులు మారే క్రమంలో ఆ మాట జారిపోవడమే అసలు నష్టం. పారిస్‌లో గుస్తావ్ డ్రైఫస్ కూడబెట్టిన గొప్ప సేకరణకు పతకాల పండితుడు జార్జ్ హిల్ 1931లో వివరమైన పట్టిక ప్రచురించాడు. ఆ పతకాలు ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. అటువంటి పట్టికల్లో పతకం వెడల్పు మిల్లీమీటర్లలో నమోదవడం వల్లే ఈనాటి కొనుగోలుదారు తన ప్రతిని కొలిచి పోల్చుకోగలుగుతున్నాడు.

లియోని చేత్తో మలిచిన మైకలాంజెలో మైనపు ముఖం ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో నేటికీ ఉంది. లోహం కుంచించుకుపోకముందు, మూస అరగకముందు ఆ ముఖం ఎలా ఉండేదో చూడాలనుకునేవారు దాని దగ్గరికే వెళ్లాలి.