తిరిగి జన్మించడం, భక్తి ఆచారాలు: అపోహలు - వాస్తవాలు

మూడు దశాబ్దాలుగా సంఘకాపరిగా ఉన్న నా దగ్గరకు విశ్వాసులు తెచ్చే ప్రశ్నల్లో రెండు మాత్రం ఎన్నటికీ పాతబడవు. "అయ్యగారూ, ఆదివారం ఆరాధన మానను, దశమభాగం ఇస్తాను, శ్రమల దినాల్లో నలభై రోజులూ ఒంటిపూట ఉంటాను, అయినా రక్షణ పొందావా, అంటే తిరిగి జన్మించావా అని నన్నెందుకు అడుగుతారు?" అన్నది మొదటిది. "నేను రక్షణ పొందిన వాణ్ణి, ఇక ఈ ఆచారాలతో నాకేం పని?" అన్నది రెండవది. పైకి ఒకదానికొకటి ఎదురుగా కనిపించినా, రెండూ ఒకే పొరపాటులోంచి పుట్టినవని నా అభిప్రాయం. నూతన జన్మను ఒక తట్టలోనూ, భక్తి ఆచారాలను మరొక తట్టలోనూ పెట్టి తూచడమే ఆ పొరపాటు.

ఈ విషయానికి మూలమైన సంభాషణ యోహాను సువార్త మూడవ అధ్యాయంలో ఉంది. "ఒకడు క్రొత్తగా జన్మించితేనే కాని అతడు దేవుని రాజ్యమును చూడలేడు" అన్న మాటను యేసు ప్రభువు చెప్పింది దారి తప్పిన వాడితో కాదు, నీకొదేముతో. అతడు ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యుల వర్గానికి చెందినవాడు, యూదుల అధికారి, ఇశ్రాయేలుకు బోధకుడు. ఉపవాసం, దశమభాగం, విశ్రాంతిదినం విషయంలో మన సంఘాల్లో ఎవరికీ తీసిపోని మనిషికే ఆ మాట అవసరమైందన్న సంగతిని గుర్తుంచుకుని కింది అపోహలను చూడాలి.

అపోహ: క్రైస్తవులు చెప్పే పునర్జన్మ కూడా చనిపోయి మళ్లీ పుట్టడమే.

ఈ అపోహకు మన తెలుగు బైబిలు అనువాదం కొంత కారణం. తీతుకు రాసిన పత్రిక మూడవ అధ్యాయంలో "పునర్జన్మసంబంధమైన స్నానము" అన్న మాట ఉంది. అక్కడి గ్రీకు పదం పాలింగెనెసియా. "మళ్లీ" అన్న మాటా "పుట్టుక" అన్న మాటా కలిసిన పదం కనుక అనువాదకులు పునర్జన్మ అన్నారు. అయితే తెలుగు నేలమీద ఆ పదానికి కర్మఫలం, జన్మపరంపర అనే అర్థాలు అప్పటికే స్థిరపడి ఉన్నాయి. హెబ్రీయులకు రాసిన పత్రిక మాత్రం మనుష్యులు ఒక్కసారే మరణించాలనీ, ఆ తరువాత తీర్పు జరుగుతుందనీ స్పష్టంగా చెబుతుంది. కాబట్టి ఇక్కడ చెప్పే రెండవ పుట్టుక ఈ దేహంలో, ఈ బతుకు నడుమనే జరిగేది.

యోహాను సువార్తలో వాడిన గ్రీకు మాట అనోథెన్ మరీ ఆసక్తికరమైనది. దానికి "మళ్లీ" అనీ, "పైనుండి" అనీ రెండు అర్థాలున్నాయి. నీకొదేము మొదటి అర్థాన్నే పట్టుకుని, ముసలివాడు తల్లి గర్భంలోకి తిరిగి ఎలా వెళ్తాడని అడిగాడు. ప్రభువు జవాబు రెండవ అర్థం వైపు సాగింది: ఈ జన్మకు కర్త మనిషి కాడు, పైనున్న దేవుడు. ఒకసారి రైలు ప్రయాణంలో ఒక పురోహితులవారు నన్ను, "మీ బాప్తిస్మం మా ఒడుగులాంటిదేనా? దానితో మేమూ ద్విజులమవుతాం కదా" అని అడిగారు. సంఘంలో ఇంత సూటి ప్రశ్న నాకు అరుదుగా ఎదురవుతుంది. ఒడుగుకు ముహూర్తం పెట్టవచ్చు. యోహాను మూడవ అధ్యాయం చెప్పే జన్మకు ముహూర్తం పెట్టడం మనిషి చేతిలో లేదని, గాలి తనకు ఇష్టమైన చోట వీస్తుందన్న ఉపమానం అందుకే చెప్పారని ఆయనకు విన్నవించాను.

అపోహ: క్రైస్తవ కుటుంబంలో పుడితే చాలు.

దేవుని పిల్లలు రక్తం వల్ల గాని, శరీరేచ్ఛ వల్ల గాని, మానుషేచ్ఛ వల్ల గాని పుట్టినవారు కారని యోహాను సువార్త మొదటి అధ్యాయమే చెబుతుంది. తాతగారు సువార్తికుడు కావడం ఆ ఇంటికి గొప్ప ఆశీర్వాదమే, కాని అది వీలునామాలో రాసి ఇవ్వగలిగిన ఆస్తి కాదు.

అపోహ: బాప్తిస్మం తీసుకున్న రోజే తిరిగి జన్మించిన రోజు.

ఇక్కడ ఒక నిజాయితీ అవసరం. ఈ విషయంలో క్రైస్తవ సంఘాలన్నీ ఒకే మాట చెప్పవు. కతోలికులు, లూథరన్లు బాప్తిస్మాన్ని దేవుడు నూతన జన్మను అనుగ్రహించే సాధనంగా బోధిస్తారు కనుకనే చంటిబిడ్డలకు కూడా ఇస్తారు. మా బాప్తిస్టు సంప్రదాయంలో అది అప్పటికే జరిగిన మార్పుకు బహిరంగ సాక్ష్యం. అయితే విశ్వాసం ఊసే లేకుండా నీళ్లు తమంతట తామే మనిషిని రక్షిస్తాయని లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథరు కూడా అనలేదు; నీటితో ఉన్న దేవుని వాక్యమూ, ఆ వాక్యాన్ని నమ్మే విశ్వాసమూ కలిసి ఆ పని చేస్తాయనే ఆయన చిన్న ప్రశ్నోత్తరిలో రాశారు.

అపొస్తలుల కార్యముల గ్రంథం ఎనిమిదవ, పదవ అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదవమని నేను బాప్తిస్మానికి సిద్ధపడేవారికి చెబుతుంటాను. సమరయలో గారడీ చేసే సీమోను నమ్మాడు, బాప్తిస్మం పొందాడు, ఆ తరువాత పరిశుద్ధాత్మను ఇచ్చే అధికారాన్ని డబ్బిచ్చి కొనబోయాడు. "నీ హృదయము దేవునియెదుట సరియైనది కాదు" అని అపొస్తలుడైన పేతురు అతణ్ణి గద్దించాడు. రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో దీనికి తారుమారుగా, పేతురు ఇంకా మాట్లాడుతుండగానే వారిమీదికి పరిశుద్ధాత్మ దిగాడు, నీళ్ల మాట ఆ తరువాతే వచ్చింది. అంటే మొదటి చోట నీళ్లున్నా మార్పు కనబడలేదు, రెండవ చోట మార్పే ముందు వచ్చింది. అయినా పేతురు వారిని బాప్తిస్మం లేకుండా విడిచిపెట్టలేదన్నది గమనించవలసిన విషయం.

మన ప్రాంతపు చరిత్రలోనూ ఈ ప్రశ్న తీవ్రంగానే తలెత్తింది. 1876-78 నాటి కరవులో ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి కల్పించారు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారు ఎంతమంది ఉన్నా, ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవారెవరో, దేవుని కోసం వచ్చినవారెవరో తేలడానికి ఆయనకు తోచిన మార్గం అదే. సహాయం ఆగిపోయిన తరువాత కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను మా సభల్లో ఎంతో గర్వంగా చెప్పుకుంటాం. ఆ సంఖ్యకు ముందు ఆయన పాటించిన నిరీక్షణను మాత్రం చెప్పుకోము. నాకు రెండవదే పెద్ద సంగతిగా తోస్తుంది, ఎందుకంటే వార్షిక నివేదికలో అంకె పెంచుకోవాలన్న తొందర ఏ కాపరికైనా తెలిసిందే, నాకూ తెలుసు.

అపోహ: ఇంకాస్త పట్టుదలగా ఆచరిస్తే ఆ అనుభవం దానంతట అదే వస్తుంది.

మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీని ఆచారంలో మించినవారిని చూపడం కష్టం. 1728లో ఇంగ్లండు సంఘంలో గురువుగా అభిషేకం పొందారు. ఆక్స్‌ఫర్డులో మిత్రులతో కలిసి బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు, చెరసాలలకు వెళ్లి ఖైదీలను పరామర్శించారు, క్రమం తప్పక సంస్కారం, అంటే ప్రభువు బల్లలోని రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నారు. 1735లో సువార్త ప్రకటించడానికి అమెరికాలోని జార్జియాకు ఓడ ఎక్కారు. నడిసముద్రంలో తుపాను వచ్చినప్పుడు ఆయన చావుకు భయపడి వణికితే, అదే ఓడలోని మొరేవియన్ అనే ప్రొటెస్టంటు శాఖకు చెందిన విశ్వాసులు ప్రశాంతంగా కీర్తనలు పాడుతూ ఉండిపోయారు. ఆ తేడా ఆయనను వదలలేదు. తిరిగి వచ్చాక 1738 మే 24 సాయంకాలం లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన చిన్న కూటంలో, రోమా పత్రికకు లూథరు రాసిన ముందుమాటను ఎవరో చదువుతుండగా, తన రక్షణకు క్రీస్తును మాత్రమే నమ్ముకున్నానన్న నిశ్చయం తనకు కలిగిందని దినచర్యలో రాసుకున్నారు. పదేళ్ల గురువు పదవి ఇవ్వలేకపోయింది ఆ సాయంకాలం దొరికింది.

అపోహ: తిరిగి జన్మించినవారికి ఆచారాలు అక్కర్లేదు.

వెస్లీ కథను ఇంతవరకే చెప్పి ఆపేయడం మన కూటాల్లో అలవాటు. రెండేళ్లకే ఆయన తాను కూడుకునే లండనులోని ఫెటర్ లేన్ సహవాసాన్ని విడిచి బయటకు రావలసి వచ్చింది. కారణం, పూర్తి విశ్వాసం కలిగేదాకా సంస్కారం, ప్రార్థన, వాక్యపఠనం అన్నీ మానేసి ఊరికే నిశ్చలంగా కూర్చోవాలని అక్కడ కొందరు బోధించడం. ఆయన దాన్ని ఒప్పుకోలేదు. ఆ సాధనాలు కృపను కొనలేవు గాని, కృప ప్రవహించే కాలువలని ఆయన వాదం. చివరిదాకా ఉపవాసమూ మానలేదు, ప్రభువు బల్లా మానలేదు.

పుదీన, సోపు, జీలకర్రలలో పదియవ వంతు లెక్కపెట్టి ఇస్తూ న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ విడిచిపెట్టిన పరిసయ్యులను యేసు ప్రభువు గద్దించిన చోట కూడా చివరి వాక్యాన్ని మనం మింగేస్తుంటాం: "వాటిని మానక వీటిని చేయవలసియుండెను." జీలకర్ర లెక్కను ఆయన తప్పు పట్టలేదు.

అపోహ: తేదీ, సమయం చెప్పలేనివారు తిరిగి జన్మించలేదు.

ఆచారాన్ని ఎదిరించే క్రమంలో మేమే కట్టుకున్న కొత్త ఆచారం ఇది. సాక్ష్యం చెప్పేవారు "ఫలానా సంవత్సరం, ఫలానా కూటంలో" అని మొదలుపెట్టకపోతే ముందు వరసలో గుసగుసలు వినిపిస్తాయి. నా పరిచర్య తొలి రోజుల్లో డెల్టాలోని ఒక పల్లెలో ఒక మామ్మగారిని నేనూ ఇలాగే నిలదీశాను. "మా అమ్మ ఒడిలోనే ఆయన్ని నమ్మాను బాబూ, తేదీ నాకేం తెలుసు" అన్నారామె. అదే సంఘంలో తేదీ, గంటతో సహా చెప్పగల యువకుడు, పొలం గట్టు తగాదాతో సొంత అన్నతో ఆరేళ్లుగా మాట్లాడడం లేదన్న సంగతి నాకు తరువాత తెలిసింది. సహోదరులను ప్రేమించడాన్ని బట్టే మరణంలోనుంచి జీవంలోకి దాటామని తెలుస్తుందని యోహాను మొదటి పత్రిక అంటుంది. అక్కడ తేదీ ప్రస్తావన లేదు.

అపొస్తలుల కార్యముల పదహారవ అధ్యాయంలో, ఫిలిప్పీ అనే ఒకే ఊళ్లో, లూదియ అనే స్త్రీ హృదయాన్ని ప్రభువు నదీతీరాన నిశ్శబ్దంగా తెరిచారు, చెరసాల నాయకుణ్ణి మాత్రం భూకంపం కుదిపింది. వెస్లీ సైతం వయసు మీద పడ్డాక తన పాత దినచర్యకు దిద్దుబాట్లు రాస్తూ, ఆ మే నెలకు ముందు కూడా తనకు కొడుకుకు ఉండే విశ్వాసం లేకపోయినా దాసునికి ఉండే విశ్వాసం ఉండి ఉండాలని మెత్తబడ్డారు.

నీకొదేము యోహాను సువార్తలో మూడుసార్లు కనిపిస్తాడు. మొదట రాత్రివేళ ప్రశ్నలతో వచ్చాడు. ఏడవ అధ్యాయంలో, ఒక మనిషి మాట వినకుండా అతనికి తీర్పు తీర్చడం న్యాయమా అని తోటి పరిసయ్యుల నడుమ ఒంటరిగా అడిగి మాటపడ్డాడు. పంతొమ్మిదవ అధ్యాయంలో, శిష్యులు చెదిరిపోయి ఉన్న సమయంలో, ముప్పై కిలోలకు పైగా బోళమూ అగరూ మోయించుకుని ప్రభువు దేహాన్ని సమాధి చేయడానికి వచ్చాడు. ఈ మూడింటి నడుమ అతడు ఏ రోజున తిరిగి జన్మించాడో యోహాను రాయలేదు.