జొన్న చెంచా వెనక బోరుబావి

2016లో ఒక చిన్న వీడియో ఫోన్ల నుంచి ఫోన్లకు పాకిపోయింది. అందులో ఒక హైదరాబాదీ తిండి తినడం అయ్యాక చేతిలో ఉన్న చెంచాను కూడా కరకర నమిలేస్తాడు. ప్లాస్టిక్ చెంచాకు విరుగుడు మన ఊళ్లోనే పుట్టిందని అందరూ సంబరపడ్డారు. ఆయన పేరు నారాయణ పీసపాటి, కంపెనీ పేరు బేకీస్. ఆ వీడియో చూసినవాళ్లలో చాలామందికి పట్టని సంగతి ఒకటుంది. ఆయన బయల్దేరింది ప్లాస్టిక్ గొడవతో కాదు, భూగర్భజలాలతో. చెంచా చివర్లో వచ్చింది. అందుకే ఈ కథ చెంచా దగ్గర మొదలుపెడితే సగమే అర్థమవుతుంది.

అసలు జొన్న మన పొలాల్లోంచి ఎలా పోయిందో ముందు చూడాలి. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు ఐఆర్-8 అనే కొత్త వరి వంగడం వేసి, అప్పటిదాకా ఎవరూ చూడని దిగుబడి తీశారు. ‘మిస్టర్ ఐఆర్-8’ అనే పేరు ఆయనకు అలా వచ్చిందే. అంతకు రెండేళ్ల ముందే, సర్కారు తరఫున ధాన్యం కొనే భారత ఆహార సంస్థ ఏర్పడింది. కొనేవాడు ఖాయమైన పంటలు వరి, గోధుమ అయ్యాయి. రేషన్ షాపుకు వచ్చేవీ అవే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక, అప్పటిదాకా పండగకో పెళ్లికో వరన్నం చూసిన ఇళ్లలో కూడా రోజూ తెల్లన్నం ఉడికింది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాడికి లేదని నా అభిప్రాయం. జొన్న గటక తాగి పెరిగిన తరానికి తెల్లన్నం అంటే తిండి ఒక్కటే కాదు, పరువు కూడా. జొన్నరొట్టె, జొన్న సంకటి ‘లేనివాళ్ల తిండి’గా ముద్రపడిపోయాయి.

పొలంలోనూ జొన్నకు కలిసిరాలేదు. కంకి పాలు పోసుకున్న దగ్గర్నుంచి మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలేవాళ్లు కావాలి. చొప్ప కోసం జొన్న వేసేవాళ్లకు, ట్రాక్టర్లొచ్చి ఎద్దులు తగ్గాక ఆ అవసరమూ తగ్గింది. 1970ల మొదట్లో దేశంలో జొన్న సాగు సుమారు 1.7 కోట్ల హెక్టార్లలో ఉండేది. ఇప్పుడది 40 లక్షల హెక్టార్ల చుట్టుపక్కలకు దిగింది.

ఇక నీళ్ల సంగతి. గోదావరి డెల్టాలో నేల కింద ఒండ్రు, ఇసుక. కాలువ నీరు ఇంకుతుంది, మళ్లీ పైకి వస్తుంది. తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువ చోట్ల కింద ఉన్నది గట్టి రాయి. వాన నీరు నిలిచేది పైనుండే మెత్తబడిన రాతి పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ మాత్రమే. మోటబావులు, దిగుడుబావులు ఆ పై పొర దాకానే ఉండేవి, అందుకే అవి తోడగలిగిందీ తక్కువే. బోర్లు తవ్వే రిగ్గులొచ్చాక పగుళ్లను వెతుక్కుంటూ వందల అడుగులు దిగారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతూ ‘పాయింట్’ చూసేవాళ్లకు గిరాకీ పెరిగింది. పాయింట్ తప్పితే రిగ్గు ఖర్చు రైతు నెత్తినే. ఒక బోరు ఎండితే అప్పు చేసి ఇంకోటి. ఆ అప్పులే ఎన్నో ఇళ్లలో ఆత్మహత్యల దాకా తీసుకెళ్లాయి.

ఈ తోడకానికి కరెంటు బిల్లు అడ్డు పడేదే, కానీ 1980ల్లోనే మీటరు పోయి హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింత అనే పద్ధతి వచ్చేసింది. గంట నడిపినా పది గంటలు నడిపినా కట్టేది అంతే. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వేదిక మీదే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టడంతో ఆ కాస్త కూడా పోయింది. కరెంటు ఏ రాత్రి వస్తుందో తెలియదు కాబట్టి రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు వచ్చిందంటే చాలు, మనిషి లేకుండానే మోటారు ఆన్ అవుతుంది, మడి నిండినా పోస్తూనే ఉంటుంది. చీకట్లో పొలానికెళ్లి షాక్ కొట్టో, పాము కరిచో పోయినవాళ్లను చూసిన రైతు ఆటో స్టార్టర్ పెట్టుకోక ఏం చేస్తాడు? తప్పు స్టార్టర్‌ది కాదు. కిలో బియ్యం పండాలంటే మూడు నుంచి అయిదు వేల లీటర్ల నీళ్లు పడతాయని తరచూ చెప్పే లెక్క. అలాంటి పంటను గట్టి రాతి నేలల్లో, రాయిలోంచి తోడిన నీళ్లతో పండించమని సర్కారు విధానాలన్నీ కలిసి రైతును నెట్టాయి.

నారాయణ పీసపాటి ఈ వ్యవహారాన్ని దగ్గర్నుంచి చూసింది పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పరిశోధకుడిగా ఉన్నప్పుడు. 1972లో పెట్టిన ఆ సంస్థ పనిచేసే పంటల్లో జొన్న, సజ్జ ముఖ్యమైనవి. భూగర్భజలం పడిపోవడానికీ, వరి పెరగడానికీ, చౌక కరెంటుకూ మధ్య ఉన్న ముడిని ఆయన అక్కడ లెక్కలతో చూశారు. సబ్సిడీ విధానం మారాలన్నది ఆయన వాదన. ఉచిత కరెంటు మీద ఎన్నికలు గెలుస్తున్న రోజుల్లో ఆ మాట ఏ నాయకుడి చెవికెక్కుతుంది? విధానం మారదని తేలాక ఆయన ఇంకో వైపు నుంచి వచ్చారు. జొన్నకు గిరాకీ ఉంటే రైతే జొన్న వేస్తాడు, బోరు మీద భారం దానంతట అదే తగ్గుతుంది. గిరాకీ ఎలా పుడుతుంది? జనం రొట్టె తినడం మానేశారు. మరి జొన్నతో ఇంకేం చేయొచ్చు?

జవాబు ఎలా తట్టిందో ఆయనే చాలాసార్లు చెప్పారు. మహబూబ్‌నగర్ జిల్లా పర్యటనలో తినడానికి జొన్నరొట్టెలు పెట్టారు. జొన్నరొట్టె వేడిమీద మెత్తగా ఉంటుంది, చల్లారితే బిరుసెక్కుతుంది. ఆ బిరుసు ముక్కల్ని విరిచి, వాటితోనే పప్పు, కూర తోడుకుని తిన్నారు. మరోసారి విమానంలో పక్కనున్న గుజరాతీ ప్రయాణికుడు ఖాఖ్రా ముక్కను చెంచాలా వాడి స్వీట్ తినడం చూశారు. ఈ రెండూ కలిసి ఆలోచన అయింది. జొన్నరొట్టెకు చల్లారితే వచ్చే తెగులే ఇక్కడ గుణం. తడిలో తొందరగా నానదు, పులుసులో పెట్టినా కాసేపు నిలబడుతుంది.

2000ల మధ్యలో ఉద్యోగం వదిలి, సొంత డబ్బుతో అచ్చులు, యంత్రాలు తయారు చేయించుకున్నారు. జొన్న, బియ్యం, గోధుమ పిండులు కలిపి వేడినీళ్లతో ముద్ద చేసి, అచ్చులో నొక్కి, ఓవెన్‌లో కాల్చడమే పని. గోధుమ ఎందుకంటే జొన్నకు సాగే జిగురు ఉండదు. జొన్నరొట్టె కర్రతో కాకుండా చేత్తో తట్టాల్సి రావడానికీ కారణం అదే. చప్పనివి, తీపివి, జీలకర్ర, మిరియం, అల్లం వేసినవి కూడా చేశారు. తేమ తగలకపోతే ఏళ్లపాటు నిల్వ ఉంటాయని, పారేస్తే కొద్ది రోజుల్లోనే మట్టిలో కలిసిపోతాయని కంపెనీ చెప్పింది. 2010లో బేకీస్ మొదలైంది. తర్వాత కొన్నేళ్లు కొనేవాళ్లు పెద్దగా లేరు. హోల్‌సేల్‌లో ప్లాస్టిక్ చెంచా రూపాయి లోపే వస్తుంటే, కొన్ని రూపాయలు పెట్టి జొన్న చెంచా క్యాటరర్ ఎందుకు కొంటాడు?

అప్పుడొచ్చింది ఆ వీడియో. దాని వెనకే, జనం నుంచి ముందే డబ్బు పోగుచేసే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో డబ్బు సేకరణ. అడిగింది 20 వేల డాలర్లు, వచ్చింది 2.78 లక్షల డాలర్లకు పైనే. తొమ్మిది వేల మందికి పైగా ముందే డబ్బు కట్టారు. ఎక్కువగా చేతుల మీద నడుస్తున్న చిన్న యూనిట్‌కు ఇది వరంలా కనిపించినా నిజానికి టెన్షనే. ఆర్డర్లకు తగ్గ యంత్రాలు లేవు, ఎగుమతి కాగితాలు వేరే తలనొప్పి. సరుకు చేరడం ఆలస్యమైంది, డబ్బు కట్టినవాళ్ల విసుగు బహిరంగంగానే కనిపించింది. ఒక మంచి ఆలోచన ఫోన్‌లో పాకే వేగానికీ, ఫ్యాక్టరీలో అచ్చు తిరిగే వేగానికీ పొంతన ఉండదు. ఆ సంవత్సరం ఆయన్ను పొగిడిన పత్రికలు ఈ భాగం మీద పెద్దగా రాయలేదు.

నాకు అంతకంటే ముఖ్యంగా తోచిన లెక్క ఒకటుంది. ఒక్కో చెంచాకు అయిదు గ్రాముల జొన్నపిండి పడుతుందనుకుందాం. కోటి చెంచాలకు 50 టన్నులు. మన దేశంలో జొన్న సగటు దిగుబడి హెక్టారుకు సుమారు ఒక టన్ను. అంటే కోటి చెంచాలు అమ్మితే జొన్నకు వచ్చే చోటు 50 హెక్టార్లు, మహా అయితే 125 ఎకరాలు. ఒక మోస్తరు ఊరి పొలాల్లో ఒక మూల. ప్లాస్టిక్ వైపు నుంచి చూస్తే కోటి చెంచాలు చెత్తలో పడకపోవడం పెద్ద విషయమే. బోరుబావి వైపు నుంచి చూస్తే దాదాపు ఏమీ కాదు. జబ్బును ఆయన సరిగ్గానే పట్టుకున్నారు, మందు మాత్రం వేరే జబ్బుకు పనికొచ్చింది.

అదే జొన్నను పట్టుకుని జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఇంకో దారి నడిచింది. మైసూరులో పుట్టి, దూరదర్శన్‌లో కార్యక్రమాలు చేసిన పి.వి. సతీశ్, మిత్రులతో కలిసి 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలుపెట్టారు. అక్కడ బలమంతా దళిత మహిళల సంఘాలదే. పడావు పడ్డ చెలకల్లో వాన మీద జొన్న, పప్పులు కలిపి వేశారు. సాగుకు తీసుకున్న అప్పును గింజల రూపంలో తీర్చారు. ఆ గింజల్ని ఊళ్లోనే నిల్వచేసి, పనులు దొరకని నెలల్లో ఊరి పేదలకే తక్కువ ధరకు ఇచ్చారు. 1990ల మధ్యలో మొదలైన ఈ జొన్నల రేషన్ మార్కెట్‌ను వెతుక్కోలేదు, తినేవాళ్లను పక్కింట్లోనే చూసుకుంది. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. సతీశ్ 2023 మార్చి 19న కన్నుమూశారు, అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

నారాయణ పీసపాటి నడిచింది వ్యాపారి దారి, సతీశ్‌ది సంఘం దారి. రెంటికీ సర్కారు పెద్ద తలుపు సగమే తెరుచుకుంది. 2013 ఆహార భద్రతా చట్టం కిలో రూపాయికి జొన్నలాంటి ముతక ధాన్యాలు ఇవ్వొచ్చని రాసింది, మన రేషన్ షాపుల్లో మాత్రం సంచుల్లో ఎక్కువగా బియ్యమే. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు దేశమంతా నిషేధం. బేకీస్ లాంటివాళ్లు ఎదురుచూసిన రోజు అదే. ఆ ఖాళీలోకి ఎక్కువగా వచ్చింది చెక్క చెంచా, ఎందుకంటే చౌక. నిషేధించిన ప్లాస్టిక్ కూడా బండ్ల మీద పూర్తిగా మాయం కాలేదు.

ధర సంగతికొస్తే, కాగితం మీద జొన్నే గొప్ప. 2023-24కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకం వరికి క్వింటాలుకు 2,183 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,180 రూపాయలు. ఆ ధరకు కాంటా పెట్టే కొనుగోలు కేంద్రం వరికి ఊరూరా ఉంటుంది, జొన్నకు ఉండదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు కూడా వచ్చింది. అప్పుడు ప్రభుత్వమే ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల్ని బతిమాలింది. ఆ తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో ఆర్మూరు రైతులు జాతీయ రహదారి మీద కూర్చుని ఎర్రజొన్నకు క్వింటాలుకు 3,500 రూపాయలు, పసుపుకు 15,000 రూపాయలు అడిగారు. ఎవరూ పట్టించుకోకపోవడంతో ఆ వేసవి లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి నామినేషన్లు వేశారు. బ్యాలెట్‌లో 185 మంది అభ్యర్థులు, వాళ్లలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది. ఎర్రజొన్న మాత్రం విత్తన వ్యాపారులతో కుదిరే ఒప్పందాల మీదే నడుస్తోంది.