విని లెక్కలు నేర్చుకోవచ్చా? చూపులేని పిల్లల గణితంపై అపోహలు - వాస్తవాలు

బడులు తెరిచే రోజుల్లో తల్లిదండ్రులు అడిగేది ఒకటే: “మంచి ల్యాప్‌టాప్, మాట్లాడే సాఫ్ట్‌వేర్ కొనిస్తే లెక్కలు వచ్చేస్తాయి కదండీ?” అప్పు చేసైనా కొనడానికి సిద్ధపడే వాళ్ల ఆరాటం అర్థమవుతుంది. అలా చెప్పి పంపేవాళ్ల మీదే కోపం.

అపోహ: స్క్రీన్ రీడర్ (తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఉంటే బ్రెయిలీ అక్కర్లేదు.

వాస్తవం: పిల్లల్ని లెక్కలకు దూరం చేసేది అన్నిటికంటే ఈ మాటే. “ఎక్స్ ప్లస్ వన్ బై టూ” అని వినిపించండి. మొత్తాన్ని 2తో భాగించాలా, ఒక్క 1నేనా? ఎక్స్ విలువ 3 అయితే మొదటిదానికి జవాబు 2, రెండోదానికి 3.5. లెక్కల కోసం ఉన్న బ్రెయిలీ లిపి నెమెత్ కోడ్‌లో ఈ తికమక రాదు. బ్రెయిలీ గడిలోని ఆరు చుక్కలకు 1 నుంచి 6 అంకెలు గుర్తు: భిన్నం మొదలైనచోట 1-4-5-6 చుక్కలు, గీత దగ్గర 3-4, ముగిసినచోట 3-4-5-6. వేలికి హద్దులు తెలిసిపోతాయి.

పైగా విన్నది నిలవదు. భాగహారం నాలుగో మెట్టులో ఉన్న పిల్లకి రెండో మెట్టు మళ్లీ తడిమి చూసుకునే చోటు కావాలి. ఆ రఫ్ పేజీయే టేలర్ ఫ్రేమ్, అంటే గుంతల్లో మేకులు గుచ్చి లెక్క చేసుకునే పలక. ఎనిమిది మూలల గుంతలో మేకును ఏ దిశకు తిప్పామన్నదే అంకె: గట్టు ఉన్న కొస పైకుంటే 1 నుంచి 8, రెండు మొనల కొస పైకుంటే 9, 0, గుర్తులు. అబాకస్ (పూసల చట్రం) వేగానికి, ఫ్రేమ్ మెట్లు చూపడానికి. ఒకటి వచ్చిందని రెండోది మానిపించకండి.

అపోహ: పుస్తకం పీడీఎఫ్ ఇస్తే చాలు.

వాస్తవం: స్కాన్ చేసిన పేజీ స్క్రీన్ రీడర్‌కి వట్టి బొమ్మ. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చడం) చేస్తే ఎక్స్ స్క్వేర్ కాస్తా “ఎక్స్ 2” అయిపోవచ్చు. టీచర్లు వర్డ్‌లో ఆల్ట్, ఈక్వల్స్ కీలు కలిపి నొక్కి సమీకరణాన్ని అక్కడే టైప్ చేయాలి, ఫొటో అతికించొద్దు. ఎన్‌వీడీఏ ఒక స్క్రీన్ రీడర్, మ్యాథ్‌క్యాట్ దానిలో సమీకరణాలు చదివే సాఫ్ట్‌వేర్. మ్యాథ్‌క్యాట్ ఉన్న ఎన్‌వీడీఏలో ఎన్‌వీడీఏ కీ (సాధారణంగా ఇన్సర్ట్), ఆల్ట్, ఎం నొక్కితే సమీకరణంలోకి వెళ్తారు. కింది బాణంతో లోపలి భాగానికి, పై బాణంతో వెనక్కి, పక్క బాణాలతో ముక్క ముక్కకీ, ఎస్కేప్‌తో బయటికి. ఎన్‌వీడీఏ, మ్యాథ్‌క్యాట్ రెండూ ఉచితమే.

అపోహ: జ్యామితి వాళ్లవల్ల కాదు.

వాస్తవం: రబ్బరు పలకపై దానికోసమే వచ్చే ప్లాస్టిక్ షీట్ పరిచి బాల్‌పెన్‌తో గట్టిగా గీస్తే గీత ఉబ్బుతుంది. విద్యార్థే గీసుకుంటారు. అచ్చు బొమ్మను ఉన్నదున్నట్టు ఉబ్బెత్తు చేయకండి, వేలికి గజిబిజే. గీతకూ అక్షరానికీ కనీసం 3 మి.మీ. ఎడం ఉంచండి.

అపోహ: పది తర్వాత లెక్కలు, సైన్స్ కుదరవు.

వాస్తవం: కృష్ణా జిల్లాలో పుట్టిన, చూపులేని శ్రీకాంత్ బొల్లా ఇంటర్‌లో సైన్స్ కోసం కోర్టుకెళ్లి గెలిచి, తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదివారు. నెమెత్ కోడ్ రూపొందించిన అబ్రహాం నెమెత్ చూపులేని గణిత ప్రొఫెసరే. లెక్కలకు బదులు వేరే సబ్జెక్టు తీసుకోమని బడివాళ్లు అంటే, సంతకం పెట్టేముందు ఇంటర్‌లో ఏయే గ్రూపులు మూసుకుపోతాయో అడిగి రాయించుకోండి.