చౌరస్తా దగ్గర ఇల్లు మనకు అందదా? అద్దె ఇళ్ల గురించి అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో అద్దె ఇళ్లు చూపించడం నా వృత్తి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి పిల్లల చదువులకో ఉద్యోగాలకో వచ్చే కుటుంబాలు ఇంకా ఒక్క ఇల్లు కూడా చూడకముందే అనే మాట ఒకటుంది: "చౌరస్తా దగ్గర కిరాయిలు మావల్ల కాదండీ, ఊరి బయటైనా సరే, తక్కువలో చూపించండి." కొత్త ఊళ్లో ఖర్చుకు భయపడటం సహజం, ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ఎవరో చెప్పింది విని లెక్క వేసుకోకుండా అడ్వాన్సు కట్టేయడమే నాకు మింగుడుపడదు.

అపోహ: దూరం వెళితే అద్దె మిగులుతుంది.

వాస్తవం: లెక్క వేద్దాం. చౌరస్తాకు నడిచి వెళ్లగలిగే సందులో ఒక పోర్షన్ 9,000 రూపాయలు అనుకుందాం. హసన్‌పర్తి అవతల అలాంటిదే 6,000కు దొరికిందనుకుందాం. నెలకు 3,000 మిగిలినట్టే కనిపిస్తుంది. భర్తకు చౌరస్తాలోని బట్టల దుకాణంలో పని. రానూపోనూ 20 కిలోమీటర్లు, 26 రోజులకు 520 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇచ్చినా, లీటరు పెట్రోలు 107 రూపాయలు అనుకుంటే ఖర్చు 1,200 దాటుతుంది. భార్య షేర్ ఆటోకు రోజుకు 40 పెట్టినా నెలకు 1,040. ఇంకా పాప బడి ఆటో ఉంది, బండి సర్వీసింగు ఉంది. మిగులు ఎక్కడ మిగిలింది? రోజూ రోడ్డు మీద పోయే సమయాన్ని ఈ లెక్కలో కలపనే లేదు.

మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. హనుమకొండ, వరంగల్ మధ్య బస్సులు వస్తూనే ఉంటాయి. స్టాపు నడిచే దూరంలో ఉంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర పనిచేసే మహిళకు రాకపోకల ఖర్చే ఉండదు. స్టాపు దాకా ఆటో ఎక్కాల్సి వస్తే ఆ ఉచితం సగం చేజారినట్టే.

ల్యాబ్‌లో సాయంత్రం డ్యూటీ చేసే ఒకామె విషయంలో ఇదే జరిగింది. నేను ఎంత చెప్పినా వినకుండా ఆ దంపతులు దూరంగానే ఇల్లు తీసుకున్నారు. రాత్రి తొమ్మిదింటికి ఆమెను తీసుకురావడానికి భర్త పాపను పక్కింట్లో వదిలి బయలుదేరేవాడు. ఏడాది తిరగకుండానే ఫోన్ చేసి, "అన్నా, చిన్నదైనా పర్వాలేదు, దగ్గర్లో చూడండి" అంది. ఆ గొంతులోని అలసట నాకిప్పటికీ గుర్తుంది. కుమార్‌పల్లి వైపు ఒక పాత భవనంలో, మూడో అంతస్తులో, వాళ్లనుకున్నదానికన్నా ఒక గది తక్కువ ఉన్న ఇల్లు చూపించాను. లిఫ్టు లేదు. కూరగాయలకూ పాప బడికీ ఇప్పుడు నడిచే వెళ్తున్నారు. రెండో బండి అమ్మేశారు.

దగ్గర్లో తక్కువ అద్దె ఇళ్లు ఇలాంటివే: పాత భవనాలు, పై అంతస్తులు, కారు దూరని సందులు, సొంతింటి వాళ్లు వెనక వైపు ఇచ్చే పోర్షన్లు. వీటిలో చాలావరకు ఫోన్లో కనిపించవు. గేటుకు టూలెట్ బోర్డు కట్టి ఊరుకుంటారు. సాయంత్రం నాలుగు సందులు నడవండి. ఆషాఢంలో, మూఢంలో ఇళ్లు మారేవారు తక్కువ, ఖాళీ ఇంటి యజమాని బేరానికి దిగేది అప్పుడే. బడులు తెరిచే రోజుల్లో అడిగితే ఎవరూ తగ్గరు. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం ఉన్నవారు మాత్రం కాజీపేట, మడికొండల్లోనే చూసుకోవాలి. నేను దగ్గర అంటున్నది మీ పనికి దగ్గర.

ఒక జాగ్రత్త. దగ్గరగా ఉండి మరీ చౌకగా దొరికితే కారణం కనుక్కోండి. 2023 జులై వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. నీళ్లు ఎంతదాకా వచ్చాయో యజమానిని కాదు, పక్కింటివారిని అడగండి.

మిగతావి క్లుప్తంగా.

పదకొండు నెలలు దాటిన మర్నాడే వెళ్లగొట్టవచ్చన్నది పుకారు. రిజిస్ట్రేషన్ బెడద ఉండదని పదకొండు నెలలు రాసుకుంటారు, అంతే. గడువు తర్వాత కూడా యజమాని అద్దె తీసుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దెగా కొనసాగుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఖాళీ చేయించాలంటే 15 రోజుల లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదే అవుతుందని యజమానులు భయపడతారు. అద్దె కడుతూ ఉన్నవాడు యజమాని అనుమతితో ఉన్నట్టే. ఎన్నేళ్లయినా హక్కు రాదు.

ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం సొంతిల్లు ఉన్నవారికే అనడమూ తప్పే. తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్ల లోపు వాడితే అద్దెకున్నవారికీ వర్తిస్తుంది. చిక్కంతా మీటరుతోనే. ఇంటి మొత్తానికి ఒకే మీటరు పెట్టి పోర్షన్లకు సబ్‌మీటర్లు బిగిస్తే అందరి యూనిట్లూ కలిసి 200 దాటిపోతాయి, యూనిట్‌కు ఇంత అని యజమాని చెప్పినంతా మీరు కట్టాలి. అడ్వాన్సు ఇచ్చే ముందే విడి మీటరు ఉందో లేదో చూసి, సర్వీసు నంబరు ఫోటో తీసుకోండి.