ఇంట్లో వేసిన కారు పెయింట్‌కి మెరుపు: అపోహలు - వాస్తవాలు

బంపరో, డోరో ఇంటి దగ్గరే పెయింట్ వేసుకునేవాళ్లు ఈమధ్య పెరిగారు. రంగు బాగానే కొడుతున్నారు, ఆఖరి పనిలో పాడుచేసుకుంటున్నారు. అలాంటి బండ్లు మా షెడ్డుకు వచ్చినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: వ్యాక్స్ రాస్తే మెరుపు వస్తుంది.
మెరుపు వచ్చేది నునుపు వల్ల. బానెట్ మీద ట్యూబ్‌లైట్ నీడ చూడండి. అంచు గీత గీసినట్టు కాకుండా వంకరటింకరగా కనిపిస్తే, పైపొర నారింజ తొక్కలా గుంటలుగా ఉన్నట్టు. ఎంత వ్యాక్స్ పూసినా ఆ గుంటలు పోవు.

అపోహ: కొత్త పెయింట్ మీద వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) పెడితే నాశనమే.
పెట్టకపోతేనే ఆ గుంటలు అలాగే ఉండిపోతాయి. 1500 నంబరుతో మొదలుపెట్టి 2000, ఆపైన 3000 (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది). పేపర్‌ను పావుగంట నీళ్లలో నానబెట్టండి, ఆ నీళ్లలో రెండు చుక్కలు షాంపూ వేయండి. పేపర్‌ను రబ్బరు బ్లాక్‌కు చుట్టి రుద్దాలి. వట్టి వేళ్లతో రుద్దితే వేళ్లు ఆనినచోట చాళ్లు పడతాయి.

అసలు సంగతి రుద్దేటప్పుడు కిందికి కారే నీళ్లలో ఉంది. తెల్లగా, పలచటి మజ్జిగలా వస్తున్నంతసేపూ మీరు రుద్దుతున్నది క్లియర్‌నే, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన పైపొరనే. ఆ తెలుపులో కారు రంగు కలిసిందంటే వెంటనే చెయ్యి తీసేయండి, కింద బేస్‌కోట్, అంటే రంగు పొర, తగిలింది. (క్లియర్ లేని సాదా పెయింట్ అయితే రంగు రావడం మామూలే.) కంపెనీ బండ్ల మీద కూడా క్లియర్ సుమారు 40-50 మైక్రాన్లే, అంటే తల వెంట్రుక కన్నా పలచన. మొన్న ఒకాయన ఎర్ర కారు తెచ్చారు. డోరు మధ్యలో అద్దంలా చేశారు, అంచు దగ్గర మాత్రం రంగు కింద వేసే ప్రైమర్ బూడిదరంగులో బయటపడింది. రెండు రోజుల కష్టం. ఆ డోరుకు మళ్లీ పెయింట్ వేయక తప్పలేదు. అంచులకు, బాడీ లైన్లకు ముందే మాస్కింగ్ టేప్ అంటించండి. పెయింట్ అన్నిటికంటే పలచగా నిలిచేది అక్కడే.

అపోహ: చేతికి అంటకపోతే ఆరినట్టే.
పైన ఆరినా లోపల థిన్నర్ ఇంకా పోతూనే ఉంటుంది. హార్డెనర్ (గట్టిపడటానికి కలిపే ద్రవం) కలిపిన క్లియర్‌కి పేపర్ పెట్టేముందు కనీసం ఒక రాత్రి ఆగాలి. మామూలు స్ప్రే డబ్బాది అయితే కొన్ని రోజులు. కనపడని మూల గోటితో నొక్కండి, గాటు పడితే ఇంకా టైం ఉంది. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. గుడ్డ మాస్క్ వాటిని ఆపలేదు. సరైన రెస్పిరేటర్ లేకపోతే దయచేసి హార్డెనర్ కలిపిన క్లియర్ కొట్టే పని ఇంట్లో పెట్టుకోకండి.

అపోహ: పాలిష్ పట్టే మిషన్ స్పీడ్ పెంచితే పని త్వరగా అవుతుంది.
పెయింట్ కాలుతుంది. రోటరీ బఫర్ 1200-1500 ఆర్‌పీఎం దాటించొద్దు, ఒకేచోట ఆపొద్దు. మధ్యమధ్యలో రేకు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడి తగిలిందంటే చల్లారనివ్వండి.

అపోహ: కాంపౌండ్ (వాటర్ పేపర్ గీతలు తీసే పేస్ట్) బదులు టూత్‌పేస్ట్ చాలు.
అది పళ్లకే. పేపర్ గీతలు తీసే కోత దానికి లేదు.

కాంపౌండ్, తర్వాత పాలిష్ అయ్యాక వ్యాక్స్‌కి ఒక నెల ఆగండి. ఆ నెలంతా కవర్ కప్పకుండా గాలి తగలనివ్వండి. పక్షి రెట్ట పడితే సాయంత్రం దాకా ఉంచకుండా అప్పుడే నీళ్లు పోసి కడిగేయండి.