పైథాన్‌కి ఏ కోర్సు మంచిది? అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌లకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతాను. డెమో క్లాసు అవగానే ఎవరో ఒకరు ఆగి అడుగుతారు: "సార్, ఏ కోర్సు బెస్ట్?"

అపోహ: మంచి కోర్సు దొరికితే కోడింగ్ అదే వచ్చేస్తుంది.

వాస్తవం: ఎక్కువమందిని ముంచుతున్నది ఈ నమ్మకమే. మొన్న బీకాం చదివిన అమ్మాయి ఒకరు వచ్చింది. ల్యాప్‌టాప్‌లో నాలుగు కోర్సులు, నాలుగూ లూప్స్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) దగ్గరే ఆగిపోయాయి. కష్టమనిపించగానే ఇంకోటి కొనడం, మళ్లీ వేరియబుల్స్ నుంచి మొదలుపెట్టడం. వీడియోలన్నీ మూయించి, మార్కులు అడిగి 35 వస్తే పాస్ అని చూపే ప్రోగ్రామ్ రాయమన్నాను. రన్ చేస్తే టైప్ ఎర్రర్, అంటే డేటా రకాలు సరిపోలేదన్న తప్పు. "నాకు కోడింగ్ రాదేమో సార్" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. రాకపోవడం కాదమ్మా, ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగే, అంటే అక్షరాల వరసే ఇస్తుంది, ఇంట్‌గా, అంటే పూర్ణాంకంగా మార్చకుండా 35తో పోల్చలేం అన్నాను. ఎర్రర్ చివరి లైన్లో ఉన్నదీ అదే. ఇద్దరం కూర్చుని ఆ లైన్ చదివాం. ఇంట్ చేర్చింది, నడిచింది. వీడియోల్లో చెప్పేవాళ్లకు ఇలాంటి ఎర్రర్లు పెద్దగా రావు, అందుకే చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది.

ఏదో ఒకటి పట్టుకోండి. అందులో ప్రతి పాఠం చివర మీరు చేయాల్సిన అభ్యాసాలుండాలి. పాఠం మూసేసి, చూడకుండా రాయండి. రాకపోతే అదే పాఠం మళ్లీ చూడండి, కోర్సు మార్చకండి.

అపోహ: డబ్బు కడితేనే మంచి పాఠాలు.

ఫీజు తీసుకునే నేనే చెబుతున్నాను, అప్పు చేసి చేరకండి. పైథాన్ సొంత వెబ్‌సైట్లో ట్యుటోరియల్ ఉచితం. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఎల్ ఆన్‌లైన్ పాఠాలూ ఉచితమే, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

అపోహ: ఇంగ్లిష్ బాగా రావాలి.

తెలుగులో వినండి, తప్పేం లేదు. ఎర్రర్ మెసేజ్ మాత్రం ఇంగ్లిష్‌లోనే చదవడం అలవాటు చేసుకోండి.

అపోహ: పాత మెటీరియల్ అయినా ఒకటే.

నేను నేర్చుకునే రోజుల్లో జిరాక్స్ షాపులో నోట్సు కొన్నాను. మొదటి ప్రోగ్రామే నడవలేదు. సిస్టమే పాడైందనుకుని పైథాన్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. రెండు రోజులు పోయాక తెలిసింది, నోట్సు పాత వెర్షన్ పైథాన్ 2ది, నా సిస్టమ్‌లో ఉన్నది 3. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో, 2కి సపోర్ట్ ఆగిపోయింది 2020 జనవరి 1న. అయినా ఆ నోట్సులు ఇంకా చేతులు మారుతున్నాయి. కొనేముందు మొదటి ప్రోగ్రామ్ చూడండి. ప్రింట్ అనే ఆదేశం పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2ది, షాపులోనే వదిలేసి రండి.