262 మంది... ఎంతమందిలో?

2020 నవంబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచారు. మూడు రోజులయ్యేసరికి 262 మంది పిల్లలకి, సుమారు 160 మంది టీచర్లకి కరోనా అని వార్త. విశాఖపట్నం గాజువాకలోనో మధురవాడలోనో ఆ వార్త ఫోన్లో చూసిన తల్లి మర్నాడు పిల్లాడికి క్యారేజీ కడుతుందా?

కట్టకపోతే తప్పుపట్టలేం. ఆ రోజుల్లో బడికి వస్తున్న పిల్లలు దాదాపు 4 లక్షల మంది అన్న సంగతి ఆమెదాకా చేరితే కదా! విద్యాశాఖ అధికారులు ‘0.1 శాతం కూడా కాదు’ అన్నారు. లెక్క నిజమే. కానీ సున్నా పాయింటు అంటే ఎవరికి ధైర్యం వస్తుంది? వెయ్యేసి మంది చదివే బడులు మూడు తీసుకుంటే మూడింట్లో కలిపి ఇద్దరు అని చెబితే, చదువురాని అమ్మమ్మకైనా అర్థమవుతుంది. టెస్టులో తేలినవాళ్ళ లెక్కే ఇది. టెస్టు చేయించుకోనివాళ్ళ సంగతి ఇందులో లేదు. ఆ మాటా దాచకుండా చెప్పాలి.

ఇంకో సంగతి. వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనబడడానికి అప్పట్లో సగటున అయిదారు రోజులు పట్టేది, ఒక్కోసారి 14 రోజులు. అలాంటప్పుడు బడి తెరిచిన మూడో రోజుకే పాజిటివ్ వచ్చినవాళ్ళలో చాలామందికి అది ఇంట్లోనో, వీధిలోనో, పెళ్ళిలోనో అంటి ఉండాలి. వార్త చదివినవాళ్ళకి మాత్రం బడే అంటించిందనిపించింది.

2021 జూన్, జూలైల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతటా రక్తపరీక్షలు చేసి చూస్తే 6 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో సగానికి పైగా మందికి యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడడానికి ఒళ్ళు తయారుచేసుకునేవి, కనిపించాయి. అప్పటికి ఆ వయసువాళ్ళకి టీకా లేదు, చాలాచోట్ల చిన్న తరగతులు ఏడాదికి పైగా మూతపడే ఉన్నాయి. ఇంట్లో ఉన్నంతమాత్రాన పిల్లలు తప్పించుకోలేదన్నమాట.

అలాగని ‘ఏం ఫర్వాలేదు, పంపేయండి’ అనడమూ కుదరదు. కరోనా పిల్లల్లో చాలామందికి తేలిగ్గానే పోయింది. వయసు పెరిగేకొద్దీ, షుగరు, బీపీ లాంటివి ఉంటే మరీనూ, ప్రమాదం బాగా పెరుగుతుంది. వన్ టౌన్‌లో రెండు గదుల ఇంట్లో మంచాన ఉన్న నాయనమ్మ పక్కనే పడుకునే పిల్లాడిదీ, ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నలతో ఉండే పిల్లదీ ఒకే లెక్క కాదు. పిల్లల్ని పంపడం మా ఇష్టమేనని తల్లిదండ్రులతో సంతకం పెట్టించుకున్న కన్సెంట్ లెటర్‌తో బాధ్యత చేతులు మారింది, సమాచారం మారలేదు. ‘ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నారు, షుగరు, బీపీ ఉన్నాయా’ అని అడిగి ఉంటే ఆ కాగితం కాస్త పనికొచ్చేది.

గాలి గురించి కూడా మొదట్లో సరిగ్గా చెప్పలేదు. శానిటైజరుకి ఇచ్చిన ప్రాధాన్యం కిటికీకి ఇవ్వలేదు. తలుపులు మూసిన గదిలో అగరొత్తి వెలిగిస్తే పొగ ఎలా కమ్ముకుంటుందో, ఊపిరితో వచ్చే సన్నటి తుంపరలూ అలాగే గాల్లో నిలుస్తాయి. విశాఖలో మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి వీస్తుంది, కిటికీలు తీస్తే చాలు. ఏసీ పెట్టి అద్దాలు బిగించిన క్లాసురూముకి ఆ భాగ్యం లేదు. పిల్లల్ని కుక్కేసిన ఆటో మంచిది కాదు గానీ, అద్దాలన్నీ మూసిన వ్యాను కంటే దానికి గాలి నయం.

ఈసారి ఏదైనా వస్తే బడి నుంచి వాట్సాప్‌లో ఇలాంటి మెసేజి రావాలని నా కోరిక: ‘మన బడిలో 600 మంది. నిన్న ఎనిమిదో తరగతిలో ఒకరికి పాజిటివ్. అదే గదిలోని 20 మందిని వారం ఇంట్లో ఉండమన్నాం. ఎక్కడ అంటిందో ఇంకా తెలియదు. జ్వరం, దగ్గు ఉంటే పంపొద్దు, హాజరు కట్ చేయం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే పిల్లల్ని కొన్నాళ్ళు వేరే గదిలో, కుదరకపోతే కిటికీ దగ్గర పడుకోబెట్టండి. మిగతా టెస్టుల ఫలితాలు శుక్రవారం సాయంత్రం చెబుతాం.’

శుక్రవారం ఫలితాలు రాకపోయినా, రాలేదనైనా మెసేజి పెట్టాలి.